ఎనిమిది సి కట్టిన ఊరు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు ఎనిమిది సి ఇచ్చారు. ఆ సెక్షన్‌ని టీచర్లందరూ ఒకరి మీదికి ఒకరు తోసేవారు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. సగం మంది బల్లల మీద తలలు వాల్చేసేవాళ్ళు, మిగతా సగం మంది ఆ వాల్చిన తలల జడలు ఒకదానికొకటి ముడేసేవాళ్ళు. నేను చెప్పేది సాంఘికశాస్త్రం. నదులు, పంటలు, పట్టణాలు, పన్నులు. గొంతు పోయేలా చెప్పేదాన్ని. ఏ మాటా ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

"వాళ్ళకి పాఠం చెప్పకండి టీచర్ గారూ, కాపలా కాయండి చాలు" అన్నాడు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు. ఎగతాళికి అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలో ఉన్న మనిషి.

చివరి బల్లలో కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చునేది. పదమూడేళ్ళుంటాయి. క్లాసంతా ఆమెని నత్త అనేవారు. పాఠం చదవమంటే లేచి నిలబడి, పుస్తకం తెరిచి, పేజీ వైపు చూస్తూ అలాగే ఉండిపోయేది. అక్షరాలు రాకపోలేదు. కూడబలుక్కుని చదవగలదు. కానీ మొదటి మాట పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. అంతే, ఆమె నోరు మూతపడిపోయేది. ఇక ఎంత బతిమాలినా తెరుచుకునేది కాదు. వారంలో రెండు రోజులు బడికే వచ్చేది కాదు. వాళ్ళమ్మ ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే చోటు. బడికి రాని రోజు ఈ పిల్ల అమ్మ పక్కన నిలబడి దుప్పట్లు మడత పెట్టేది.

కంప్యూటర్లు బాగుచేసే పని మా తమ్ముడిది. ఒకరోజు అన్నం తింటూ నేను ఎనిమిది సి గురించి ఏకరువు పెడుతుంటే, వాడు చెయ్యి కడుక్కుని వచ్చి తన కంప్యూటర్ తెరిచి చూపించాడు.

"ఇదిగో, ఇది ఊరు కట్టే ఆట. ఖాళీ నేల ఇస్తుంది, ఒక నది ఇస్తుంది. రోడ్లు, నీళ్ళు, మురుగు, బడి, ఆసుపత్రి, అన్నీ మనమే చూసుకోవాలి. సరిగ్గా చూడకపోతే జనం ఊరొదిలి వెళ్ళిపోతారు. నువ్వు పాఠంలో చెప్పేది ఇదే కదా అక్కా?"

"ఆటలాడిస్తే నన్ను బడి నుంచి సాగనంపుతారు."

"ఇప్పుడు మాత్రం ఏం వింటున్నారు నీ పిల్లలు?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆట లోపలి మాటలన్నీ మన భాషలోకి మార్చుకునే వీలుందట. రెండు వారాలు అక్కాతమ్ముళ్ళం కూర్చుని మార్చాం. బడి కంప్యూటర్ గదిలో పన్నెండు కంప్యూటర్లుంటే ఏడే పనిచేసేవి. పెద్దమేడమ్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ పదవీ విరమణకి పద్నాలుగు నెలలుంది, ఏ గొడవా లేకుండా ఆ పద్నాలుగు నెలలూ గడిస్తే చాలనుకునే మనిషి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "శుక్రవారం చివరి రెండు పీరియడ్లు. తలుపు వేసుకోండి. నన్ను కాగితం మీద ఏమీ అడక్కండి" అంది.

పిల్లల్ని ఏడు జట్లు చేశాను. జట్టుకో కంప్యూటర్, కంప్యూటర్‌కో ఊరు. మొదటి శుక్రవారం ఊళ్ళన్నీ నాశనమయ్యాయి. ఒక జట్టు బడి కట్టకుండా పదకొండు పార్కులు కట్టింది. ఇంకో జట్టు ఊరికి రోడ్డే వెయ్యలేదు. అయినా గంట కొట్టాక ఒక్కరూ కుర్చీల్లోంచి లేవలేదు. గంట వినపడని ఎనిమిది సి ని నేను అదే మొదటిసారి చూడటం.

మూడో శుక్రవారం నత్త ఉన్న జట్టులో గొడవ మొదలైంది. వాళ్ళ ఊళ్ళో జనానికి జబ్బులు. ఆసుపత్రి కట్టారు, తగ్గలేదు. రెండోది కట్టారు, తగ్గలేదు. జట్టు నాయకురాలు ఏడుపు మొహం పెట్టి, "టీచర్, ఈ కంప్యూటర్ చెడిపోయింది" అంది. నేను వంగి చూస్తున్నాను. నా మోచేతి పక్కనుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"మురుగు పైన వదులుతున్నాం టీచర్. కింద నీళ్ళు తోడుకుంటున్నాం."

అందరం వెనక్కి తిరిగాం. నత్త తెర మీద వేలు పెట్టి నది పారే వైపు గీత గీసింది. "మా అమ్మ వాళ్ళ లాండ్రీ వెనక కాలవ ఇలాగే ఉంటుంది. సబ్బునీళ్ళు కిందికే పోతాయి. పైకి రావు కదా."

నీళ్ళ పంపుని నదికి ఎగువన పెట్టారు. కాసేపటికి జబ్బులు తగ్గుముఖం పట్టాయి. జట్టు జట్టంతా ఆమెని వీపు మీద చరిచారు. ఆ పూట నుంచి ఆమెకి నీళ్ళ ఇంజనీరు పదవి వచ్చింది. వెక్కిరింపు పేరు మాత్రం పోలేదు. ఇంజనీరు నత్త అన్నారు. కానీ ఆ పిలుపులో తేడా ఆమెకీ తెలిసింది, నాకూ తెలిసింది.

ఆ ఆటలో ఊరి జనం అర్జీలు పెడతారు. తెర మూల చిన్న ఉత్తరం బొమ్మ వెలుగుతుంది. నొక్కితే నాలుగు వాక్యాలుంటాయి. మా వీధికి మూడు రోజులుగా నీళ్ళు రావడం లేదు, మా పిల్లలు బడికి రెండు మైళ్ళు నడుస్తున్నారు, ఇలాంటివి. మిగతా పిల్లలు వాటిని చదవకుండా మూసేసేవాళ్ళు. ఈ పిల్ల ఒక్కటీ వదిలేది కాదు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చివరిదాకా చదివేది. రెండు నెలలు తిరిగేలోపు వేలు తీసేసింది. ఆ తర్వాత పెదాలు కదపడమూ మానేసింది. ఒక శుక్రవారం జట్టంతటికీ ఆమే అర్జీలు పైకి చదివి వినిపిస్తుంటే నేను తలుపు దగ్గర కదలకుండా నిలబడిపోయాను.

తర్వాత అడిగాను. "పుస్తకం చదవమంటే చదవవు, ఇవెలా చదువుతున్నావే?"

"పుస్తకంలో ఎవరో ఎవరికో చెప్తుంటారు టీచర్. వీళ్ళు నన్నే అడుగుతున్నారు. చదవకపోతే నీళ్ళెవరిస్తారు?"

పదిహేనేళ్ళ చదువూ, శిక్షణ కళాశాలా నాకు చెప్పని సంగతి అది.

బడికి రోజూ రావడం మొదలుపెట్టింది. శుక్రవారమే కాదు, అన్ని రోజులూ. ఇంకా నీళ్ళ లెక్కలకి శాతాలు కావాలని లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడిందట. ఆయన స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, "నా సెక్షన్‌కి ఎక్కాలు రావు, ఆవిడ సెక్షన్ మునిసిపాలిటీలు నడుపుతోంది, ఏం కర్మండీ నాది" అని అందర్నీ నవ్వించాడు. ఆ నవ్వులో నాకు గర్వంగా ఉండింది. ఆ రోజులు నా ఉద్యోగంలో మంచి రోజులు. ఇప్పుడు తలుచుకుంటే అవే ఎక్కువ బాధ పెడతాయి.

ఎవరో పిల్లవాడి తండ్రి పై కార్యాలయానికి ఫిర్యాదు రాశాడు. బడిలో చదువు మాని ఆటలాడిస్తున్నారని. చెప్పాపెట్టకుండా ఒక శుక్రవారం తనిఖీ అధికారి వచ్చాడు. పొట్టిగా, శుభ్రంగా, చేతిలో ఫైలుతో. వెనకాల పెద్దమేడమ్, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన తలుపు తెరిచిన క్షణానికే ఒకడు గది అదిరిపోయేలా "ఊళ్ళో జ్వరాలు! ఆసుపత్రి దారి మూసుకుపోయింది!" అని అరిచాడు.

పిల్లలు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు.

"ఇది ఏ పాఠం?" అన్నాడు అధికారి.

"పట్టణాలు సార్. పౌర సదుపాయాలు" అన్నాను.

ఆయన గదంతా కలియజూసి, దగ్గర్లో ఉన్న పిల్లని లేవమన్నాడు. ముప్ఫై ఎనిమిది మందిలో దగ్గర్లో ఉన్నది ఆమే. ఆమె చేతికి పాఠ్యపుస్తకం ఇచ్చాడు. "పట్టణాలు కదా. ఈ పేరా చదువమ్మా."

ఆమె నిలబడింది. పుస్తకం పట్టుకుంది. పేజీ వైపు చూసింది. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు. ముప్ఫై ఏడు మందీ ఆమె పెదాల వైపే చూస్తున్నారు. కొందరు ఆమె తరఫున తామే పెదాలు కదుపుతున్నారు. మొదటి అక్షరం ఆమె గొంతులో కదలడం నాకు కనిపించింది. బయటికి రాలేదు.

ఆమె వెనక తెర మీద ఉత్తరం బొమ్మ వెలుగుతోంది. "సార్, అది చదివించండి, వెనక్కి తిరిగి అది చదవమనండి" అంటే సరిపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమేడమ్ నా వైపు ఒక్క చూపు చూసింది. నేను నీళ్ళు నమిలాను.

అధికారి పుస్తకం తీసుకుని మూశాడు. "ఎనిమిదో తరగతి" అన్నాడు, ఎవరితోనూ కాదు. ఫైలులో ఏదో రాసుకున్నాడు. ఆయన కోప్పడలేదు, అరవలేదు. ఆ పిల్ల భుజం తట్టి "కూర్చోమ్మా" అని కూడా అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన వెళ్ళిపోయాక కూడా నిలబడే ఉంది.

మరుసటి సోమవారం పెద్దమేడమ్ తన గదికి పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టింది. అనుభవం లేక, ఎవరి అనుమతీ లేకుండా తరగతిలో ఆటలు ఆడించానని ఉంది. చివర్లో ఒక వాక్యం ఉంది: ఈ ఆటల వల్ల విద్యార్థులకు ఎలాంటి ప్రయోజనమూ కలగలేదని అంగీకరిస్తున్నాను.

"అనుమతి మీరే ఇచ్చారు కదా మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "కాగితం మీద ఇవ్వలేదమ్మా. మీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. సంతకం పెడితే మందలింపుతో పోతుంది. పెట్టకపోతే నేనేం చెప్పలేను."

"ఈ చివరి వాక్యం అబద్ధం."

"అబద్ధమో నిజమో అడిగేవాళ్ళెవరు?"

తమ్ముడు ఫోన్‌లో "పెట్టకు అక్కా" అన్నాడు. లెక్కల మాస్టారు నా బల్ల మీద టీ కప్పు పెట్టి వెళ్ళాడు. నేను సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయం వేసింది. ఇంతకంటే చెప్పుకోదగ్గ కారణం నాకేదీ లేదు.

కంప్యూటర్లలోంచి ఆట తీసేయాలన్నారు. తమ్ముణ్ణి పిలిస్తే రానన్నాడు. నేనే తీశాను. కంప్యూటర్ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిదీ అడిగింది, నిజంగా తొలగించాలా అని. ఏడుసార్లు అవునని నొక్కాను. నీళ్ళ ఇంజనీరు జట్టు ఊరు తెరిచినప్పుడు అక్కడ నాలుగు వేల చిల్లర జనం ఉన్నారు. చదవని అర్జీ ఒకటుంది. బస్సు ఆగే చోట ముసలివాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ కావాలట. చదివి, అవునని నొక్కాను.

శుక్రవారం పిల్లలు కంప్యూటర్ గది వైపు వెళ్ళబోతే ఆపి, క్లాసులోనే కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. ఎవరూ అల్లరి చెయ్యలేదు. అల్లరి చేసినా బాగుండేది. గంట కొట్టాక నత్త నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మా ఊరు ఉందా టీచర్?"

"లేదు. తీసేశారు."

తీసేశాను అనాల్సింది. నోరు రాలేదు.

"నేను చదవకపోవడం వల్లేనా?"

"కాదమ్మా, కాదు" అన్నాను. అప్పటికే మిగతా పిల్లలు సంచులు తగిలించుకుని తోసుకుంటూ బయటికి వెళ్తున్నారు. నా పుస్తకాలు సర్దుకుంటూ అన్నాను ఆ మాట. ఆమె మొహంలోకి చూసి అనలేదు. చూసి అని ఉంటే నమ్మేదేమో.

తర్వాతి వారం నాలుగు రోజులు వచ్చింది. ఆ పై వారం రెండు రోజులు. నెల తిరిగేసరికి కిటికీ పక్కన చోటు ఖాళీ.

లాండ్రీకి వెళ్ళాను. పొడవాటి షెడ్డు, నాలుగు వైపులా ఆవిరి, యంత్రాల హోరు. తల్లీకూతుళ్ళు ఒక దుప్పటి చెరో అంచూ పట్టుకుని, సాగదీసి, ఒకరికెదురుగా ఒకరు నడిచొచ్చి మడత పెడుతున్నారు. చేతులే మాట్లాడుకుంటున్నాయి. నన్ను చూసి తల్లి చెయ్యి తుడుచుకుంది.

"మీ ఆటలున్నన్నాళ్ళూ నేను లేపకుండానే లేచేది మేడమ్. తనే తల దువ్వుకునేది. రాత్రి పడుకునే ముందు నాకు పంపుల సంగతి చెప్పి చెప్పి చంపేది. ఇప్పుడు ఎంత లేపినా లేవదు. తిట్టాను, కొట్టాను కూడా. ఇక్కడికైతే మాట్లాడకుండా వస్తోంది. నేనేం చెయ్యను?"

నేను పిల్ల దగ్గరికి వెళ్ళాను. "బడికి రా అమ్మా."

"వస్తాను టీచర్." ఆమె చూపు దుప్పటి మీదే ఉంది.

అప్పుడు చెప్పేశాను. ఆవిరిలో, ఆ హోరులో, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. "నీ వల్ల కాదు. ఆ ఆట వల్ల మీకేమీ రాలేదని నేను రాసిచ్చాను. సంతకం పెట్టాను. ఊరు కూడా నేనే తీసేశాను."

ఆమె చేతులు ఆగాయి. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"కానీ వచ్చింది కదా టీచర్."

"వచ్చింది."

"మీకు తెలుసు కదా."

"తెలుసు."

"మరి?"

ఆమె కొంచెంసేపు ఎదురుచూసింది. కోపంగా కాదు, నిజంగానే ఏదో కారణం ఉంటుంది, పెద్దవాళ్ళు కదా, చెప్తారు అన్నట్టు. తర్వాత వంగి దుప్పటి అంచు అందుకుంది.

ఇంకా రెండుసార్లు వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళడానికి మొహం చెల్లలేదు. పెద్దమేడమ్ పదవీ విరమణ సభ జరిగింది, నేనూ దండ వేశాను. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఏడేళ్ళ తర్వాత పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆటల ద్వారా బోధన ఇక మీదట ప్రతి బడిలోనూ ఉండాలట. పిల్లల హాజరు పెరుగుతుందనీ, నేర్చుకునే ఆసక్తి పెరుగుతుందనీ అందులో రెండు పేజీలు రాశారు. మూడు వందల మంది టీచర్లకి శిక్షణ శిబిరం. ఇలాంటిది ఎప్పుడో ఒకసారి చేసిన టీచరు అని ఎవరో నా పేరిచ్చారు. మాట్లాడమని పిలిచారు.

వేదిక మీద మధ్య కుర్చీలో ఆ తనిఖీ అధికారే ఉన్నాడు. జుట్టు నెరిసింది, హోదా పెరిగింది. నేను మైకు ముందు నిలబడి రాసుకొచ్చిన కాగితం మడిచేశాను. ఒక పిల్ల గురించి చెప్పాను. మురుగూ, నదీ, అర్జీలూ చెప్పాను. పుస్తకం ఇచ్చి నిలబెట్టిన రోజు సంగతి చెప్పాను. నేను పెట్టిన సంతకం గురించి, ఏడుసార్లు నొక్కిన అవును గురించి చెప్పాను. చివర్లో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు దేనికో నాకు అర్థం కాలేదు.

భోజనాల దగ్గర ఆయన పళ్ళెంతో సహా నా దగ్గరికి వచ్చాడు. "మనసుని కదిలించేశారమ్మా. ఇలాంటి అధికారుల వల్లే మనం ఇంత వెనకబడ్డాం. ఇంతకీ ఎవరాయన?"

"మీరే సార్" అన్నాను.

ఆయన నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉండిపోయింది. గుర్తుతెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు, నేను చూశాను. గుర్తు రాలేదు. "అప్పట్లో నిబంధనలు అలా ఉండేవమ్మా" అని మెల్లగా అని, పళ్ళెం పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకి ఆ పిల్ల గురించి ఏమీ తెలియదు. అన్నీ తెలిసినదాన్ని నేను.

ఆ మరుసటి ఆదివారం లాండ్రీకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళ అమ్మాయి, జుట్టుకి గుడ్డ కట్టుకుని, పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళకి పని చెబుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. యంత్రం ఆపి, స్టూలు తెచ్చి వేసింది. టీ తెప్పించింది. వాళ్ళమ్మకి చూపు బాగా తగ్గిందట, ఇంట్లోనే ఉంటోందట.

ఉత్తర్వు సంగతి చెప్పాను. శిబిరం సంగతీ చెప్పాను.

"అయితే ఇప్పుడు పిల్లలందరూ ఆడుకోవచ్చా?"

"అందరూ."

"మంచిదే టీచర్" అంది. మనస్ఫూర్తిగానే అంది. అందుకే భరించలేకపోయాను.

"పదో తరగతి పరీక్ష బయటి నుంచి కట్టొచ్చు. నేను చెబుతాను. ఆదివారాలు వస్తాను, పుస్తకాలు తెస్తాను. నీకు పెద్ద కష్టం కాదు" అన్నాను గబగబా.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "ఆదివారాలు డబుల్ షిఫ్టు ఉంటుంది టీచర్. అమ్మ మందులున్నాయి." ఆగి, నా మనసు నొచ్చుకుందేమో అని చూసి, "చూద్దాంలెండి" అంది. అది ఒప్పుకోవడం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆట తెచ్చిన మా తమ్ముడి గురించి అడిగింది, లెక్కల మాస్టారు ఉన్నారా అని అడిగింది. ఆయన పోయారని చెబితే "అయ్యో" అంది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. లేస్తూ, "మళ్ళీ రండి టీచర్, ఊరికే రండి" అంది.

వెళ్తూనే ఉన్నాను. నెలకోసారి, అరగంట. పరీక్ష మాట నేను ఎత్తడం మానేశాను. ఆమే ఎత్తుతుందేమోనని చూస్తున్నాను. ఇంతవరకూ ఎత్తలేదు.